చెనిక్కాయ ఆకు ఆర్‌ఎన్‌ఏ: మైనస్ ఆర్‌టీ ట్యూబులో కూడా సిగ్నల్ వస్తోంది, డ్రెబ్ జన్యువు కొలతను నమ్మొచ్చా?

స్వర్ణముఖి_సీడ్
తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ధరణి, కె6 రెండు రకాల వేరుశనగ కుండీల్లో వేసి, 30 రోజుల మొక్కలకు నీళ్లు ఆపి, ఆకుల్లో డ్రెబ్ కుటుంబానికి (ఒత్తిడి వచ్చినప్పుడు వేరే జన్యువులను లేపేవి) చెందిన ఒక జన్యువు ఎంత ఎక్స్‌ప్రెస్ అవుతోందో, అంటే దాని ఎంఆర్‌ఎన్‌ఏ నకళ్లు ఎన్ని ఉన్నాయో, క్యూపీసీఆర్‌లో (డీఎన్‌ఏను సైకిల్ సైకిల్‌కు పెంచుతూ కొలిచే పద్ధతి) చూస్తున్నా. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏ నకలుగా (సీడీఎన్‌ఏ) మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేసిన ప్లస్ ఆర్‌టీ ట్యూబులో సీటీ (సిగ్నల్ లేచిన సైకిల్ నంబరు, తక్కువైతే సరుకు ఎక్కువ) 24. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వెయ్యని మైనస్ ఆర్‌టీలో 27. నీళ్ల ట్యూబులో ఏమీ లేదు కాబట్టి ప్రైమర్లు (జన్యువును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు), మిక్స్ శుభ్రంగానే ఉన్నట్టు. వింత ఏమంటే, అదే శాంపిల్‌లో యాక్టిన్‌కు (పోలిక కోసం పెట్టిన జన్యువు) మైనస్ ఆర్‌టీ 40 సైకిళ్లకు కూడా లేవలేదు. ఆర్‌ఎన్‌ఏ ఒకటే, ఒక జన్యువుకు వచ్చి ఇంకోదానికి ఎందుకు రాదు? ల్యాబులో సీనియర్లు "మూడు సైకిళ్ల తేడా ఉంది, చాలు, రాసెయ్" అంటున్నారు. రాయొచ్చా?

జెల్‌డాక్
రాయొద్దు. ఒక్కో సైకిల్‌కు రెట్టింపు, అంటే 3 సైకిళ్లు 8 రెట్లే. నీకొచ్చే సిగ్నల్‌లో ఎనిమిదో వంతు, 12.5 శాతం, ఆర్‌ఎన్‌ఏ నుంచి కాదు, జీనోమ్ డీఎన్‌ఏ నుంచి వస్తోంది. 7 సైకిళ్ల తేడా ఉంటే 128 రెట్లు, కల్తీ ఒక శాతం లోపే. అంత ఉంటే వదిలేయొచ్చు.

చెనిక్కాయ_చేను
తీసివేత చేసి రాస్తే సరిపోదా అన్నా? డీఎన్‌ఏ వాటా ఎంతో తెలిసిపోయింది కదా.

జెల్‌డాక్
ఒక్క ట్యూబుకైతే తీసెయ్యొచ్చు. కానీ ప్రతి శాంపిల్‌లో డీఎన్‌ఏ ఒకేలా మిగలదు. పైగా కంట్రోల్ మొక్కలో ఆ జన్యువు ఎక్స్‌ప్రెషన్ తక్కువ, అక్కడ దెబ్బ పెద్దది. నిజమైన ఎంఆర్‌ఎన్‌ఏ కంట్రోల్‌లో 1, నీళ్లు ఆపినదాంట్లో 8 అనుకో. రెండింటికీ డీఎన్‌ఏ ఒక్కొక్కటి కలిస్తే 2, 9 అవుతాయి. 8 రెట్లు పెరిగింది నీ గ్రాఫులో 4.5 రెట్లే. రెండు రకాల మధ్య తేడా చూడాలనుకుంటే ఆ తేడా మొత్తం ఇందులోనే కొట్టుకుపోతుంది.

అలిపిరి_బయో
యాక్టిన్‌కు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు జన్యువు నిర్మాణంలోనే ఉంది. యాక్టిన్ జన్యువులో ఎక్సాన్లు, వాటి మధ్య ఇంట్రాన్లు ఉంటాయి. కేంద్రకంలో ముందు మొత్తం నకలు తయారవుతుంది, తర్వాత ఇంట్రాన్లు కత్తిరించి ఎక్సాన్లను అతికిస్తారు. యాక్టిన్ ప్రైమర్ ఆ అతుకు మీద కూర్చునేలా గీసి ఉంటారు. డీఎన్‌ఏలో ఆ అతుకే లేదు, కాబట్టి ప్రైమర్‌కు కూర్చునే చోటు లేదు. లేదా రెండు ప్రైమర్ల మధ్య పెద్ద ఇంట్రాన్ పడి ఉంటుంది, మిషన్ ఇచ్చే కొద్ది సెకన్లలో ఎంజైము దాన్ని దాటలేదు.

డ్రెబ్ కుటుంబంలో చాలా జన్యువులకు ఇంట్రాన్లే లేవు. అరబిడాప్సిస్‌లో (ల్యాబుల్లో వాడే నమూనా మొక్క) సీబీఎఫ్ 1, 2, 3 అని పిలిచే డ్రెబ్ జన్యువులు నాలుగో క్రోమోజోమ్ మీద వరుసగా పక్కపక్కనే ఉంటాయి, మూడింటికీ ఇంట్రాన్ లేదు. ఇంట్రాన్ లేకపోతే డీఎన్‌ఏ నుంచి వచ్చే ముక్క, సీడీఎన్‌ఏ నుంచి వచ్చే ముక్క అచ్చంగా ఒకటే. పొడవు ఒకటే, మెల్ట్ కర్వ్ (వేడికి ముక్క పోగులు విడిపోయే తీరు) ఒకటే. మిషన్‌కు తేడా తెలిసే అవకాశమే లేదు.

కాబట్టి నీ ఆర్‌ఎన్‌ఏలో డీఎన్‌ఏ ముందు నుంచీ ఉంది. యాక్టిన్ దాన్ని చూపించలేదు, డ్రెబ్ చూపించింది, అంతే.

స్వర్ణముఖి_సీడ్
అయితే ప్రైమర్లు మార్చి లాభం లేదా?

అలిపిరి_బయో
ముందు నీ జన్యువు సీక్వెన్స్‌ను పీనట్‌బేస్‌లో (వేరుశనగ జన్యు సమాచార వెబ్‌సైట్) టిఫ్‌రన్నర్ అనే రకం జీనోమ్ మీద పెట్టి చూడు. కోడింగ్ భాగంలో ఇంట్రాన్ లేకపోయినా కొన్నింటికి ముందరి యూటీఆర్‌లో (కోడింగ్ భాగానికి బయట ఉండే, ప్రొటీన్‌గా మారని భాగం) ఒకటి ఉండొచ్చు. ఉంటే దాన్ని వాడుకో. లేకుంటే డీఎన్ఏస్ (డీఎన్‌ఏను నరికే ఎంజైము) తప్ప దారి లేదు.

కాణిపాకం_కుర్రోడు
ఆర్‌ఎన్‌ఏ తీసే కాలమ్ కిట్‌లోనే డీఎన్ఏస్ ఇస్తారు కదప్పా, కాలమ్ మీదే 15 నిమిషాలు పెడితే పోతాది. మళ్లీ వేరే ట్యూబులో ఎందుకు?

ల్యాబు_బెంచి
కాలమ్ మీద వేసింది అన్నిసార్లూ చాలదు. 100 మిల్లీగ్రాముల ఆకు అని రాసుంటే 200 పెట్టేస్తారు, మెంబ్రేన్ జిగురుతో నిండిపోతుంది, ఎంజైము లోపలికి అందదు. ఎక్సాన్ అతుకు ప్రైమర్లున్న జన్యువుకైతే అది చాలు. ఇంట్రాన్ లేనిదానికి ట్యూబులో రెండోసారి తప్పదు. నేను చెప్పే పద్ధతి ఇది:

1 మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏ, 10 ఎక్స్ బఫర్ 1 మైక్రోలీటర్, డీఎన్ఏస్ 1 యూనిట్, మిగతాది న్యూక్లియేస్ లేని నీళ్లు, మొత్తం 10 మైక్రోలీటర్లు. 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. తర్వాత 50 మిల్లీమోలార్ ఈడీటీఏ 1 మైక్రోలీటర్ వేసి, ఆ తర్వాతే 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. ఈ వరుస మార్చొద్దు. బఫర్‌లో మెగ్నీషియం ఉంటుంది, ఈడీటీఏ దాన్ని పట్టుకోకముందే వేడి చేస్తే మెగ్నీషియం సాయంతో ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. చాలామందికి "డీఎన్ఏస్ చేశాక సీటీ అన్నీ వెనక్కి పోయాయి" అని వచ్చేది దీనివల్లే.

ఇంకో పొరపాటు ఈడీటీఏ ఎక్కువ వెయ్యడం. అది సీడీఎన్‌ఏ రియాక్షన్‌లోకి వెళ్లి అక్కడి మెగ్నీషియాన్ని కూడా పట్టేస్తుంది, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ నీరసపడుతుంది. కొలిచి ఒక్కటే మైక్రోలీటర్.

మూడోది, వోర్టెక్స్ చెయ్యొద్దు. డీఎన్ఏస్ సున్నితమైన ఎంజైము, గట్టిగా కలిపితే చచ్చిపోతుంది. పిపెట్‌తో మెల్లగా, లేదా ట్యూబును వేలితో తట్టు.

చెనిక్కాయ_చేను
నానోడ్రాప్‌లో (శాంపిల్ ఎంత వెలుతురు పీలుస్తుందో కొలిచే మిషన్) 260/280 నిష్పత్తి 2.0 వస్తే డీఎన్‌ఏ లేదనే కదా?

ల్యాబు_బెంచి
కాదు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ 260 దగ్గరే వెలుతురు పీలుస్తాయి, నానోడ్రాప్ వాటిని వేరు చెయ్యదు. ఆ నిష్పత్తి ప్రొటీన్ సంగతి చెబుతుంది. 260/230 ఒకటి కన్నా తక్కువ వస్తే జిగురు పదార్థాలో గ్వానిడీన్ ఉప్పో మిగిలిందని అర్థం. డీఎన్‌ఏ కోసం జెల్ చూడు, లేదా మైనస్ ఆర్‌టీ చూడు.

జెల్‌డాక్
జెల్ అన్నావు కాబట్టి చెప్తా. ఆకు ఆర్‌ఎన్‌ఏ వేస్తే పైన రెండు గట్టి గీతలు, 25ఎస్, 18ఎస్. మొక్కల్లో 25ఎస్, జంతువుల్లో ఉండే 28ఎస్ కాదు. వాటి కింద ఇంకో రెండు మూడు సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి క్లోరోప్లాస్ట్ రైబోజోముల 23ఎస్, 16ఎస్. 23ఎస్ సహజంగానే తెగి ఉంటుంది, కాబట్టి దాని ముక్కలు కూడా వేరుగా కనిపిస్తాయి. వాటిని చూసి "ఆర్‌ఎన్‌ఏ కుళ్లిపోయింది" అని మంచి శాంపిల్ పారేసేవాళ్లు చాలామంది. బయోఅనలైజర్‌లో ఆకుకు ఆర్ఐఎన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే అంకె) తక్కువ రావడానికి కూడా ఇదొక కారణం. నిజంగా కుళ్లితే గీతలు పోయి కిందికి జారిన పొగ మాదిరి కనిపిస్తుంది. బావి పక్కనే పైన మందంగా మెరిసేదుంటే అది జీనోమ్ డీఎన్‌ఏ.

రుయా_దారి
మనుషుల శాంపిళ్లు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. అలిపిరి_బయో చెప్పిన ఎక్సాన్ అతుకు ఉపాయం పోలికకు వాడే జీఏపీడీహెచ్ జన్యువుకు పనికిరాకపోవచ్చు. ఆ జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏ, ఇంట్రాన్లు పోయాక, పరిణామంలో ఎన్నోసార్లు మళ్లీ డీఎన్‌ఏగా మారి జీనోమ్‌లో అక్కడక్కడా చేరిపోయింది. అట్లాంటి సూడోజీన్లు మానవ జీనోమ్‌లో డజన్ల కొద్దీ ఉన్నాయి. వాటికి ఇంట్రాన్లు లేవు, అతుకు మాత్రం ఉంది. ప్రైమర్ దర్జాగా కూర్చుంటుంది. బీటా యాక్టిన్‌దీ అదే కథ. రక్తం తీసేటప్పుడు హెపారిన్ ట్యూబు కూడా వద్దు, హెపారిన్ పీసీఆర్‌ను ఆపేస్తుంది. ఈడీటీఏ ట్యూబు వాడండి.

కాణిపాకం_కుర్రోడు
ఇన్ని తలనొప్పులు పెట్టే ఇంట్రాన్లు కణానికి ఎందుకప్పా? కత్తిరించి పారేసేదే కదా, దండగ.

రుయా_దారి
దండగ కాదు. మన దేశంలో బీటా థలసీమియాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే మార్పు హీమోగ్లోబిన్ బీటా జన్యువు మొదటి ఇంట్రాన్‌లో అయిదో అక్షరం దగ్గర ఉంది, జీ ఉండాల్సిన చోట సీ. ప్రొటీన్‌కు సంకేతమిచ్చే ఒక్క అక్షరం కూడా మారలేదు. కానీ ఇంట్రాన్ మొదలయ్యే చోటును కత్తిరించే యంత్రాంగం సరిగ్గా గుర్తుపట్టలేదు, ఎంఆర్‌ఎన్‌ఏ తప్పుగా అతుకుతుంది, పిల్లలకు నెలనెలా రక్తం ఎక్కించాల్సి వస్తుంది. పైగా ఒకే జన్యువు నుంచి ఎక్సాన్లను వేరే వేరేగా కలిపి వేరే ప్రొటీన్లు చేసుకునే వీలు ఇంట్రాన్ల వల్లే.

అలిపిరి_బయో
దీనికి ఒకటి కలుపుతా. మనిషి కండరాల డిస్ట్రోఫిన్ జన్యువు దాదాపు 22 లక్షల అక్షరాల పొడవు, 79 ఎక్సాన్లు. అన్నీ అతికాక ఎంఆర్‌ఎన్‌ఏ 14 వేల అక్షరాలే. ఆ జన్యువును ఒక చివర నుంచి ఇంకో చివరకు నకలు తియ్యడానికి 16 గంటలు పడుతుంది. ఒత్తిడి రాగానే నిమిషాల్లో స్పందించాల్సిన డ్రెబ్ లాంటి జన్యువులు పొట్టిగా, ఇంట్రాన్ లేకుండా ఉండటానికి కారణం ఇదేనని చాలామంది అంటారు. నాకూ ఆ వాదన నచ్చుతుంది.

పూతలపట్టు_పద్మ
అందరూ డీఎన్‌ఏ కల్తీ దగ్గరే ఆగిపోయారు. చెనిక్కాయలో అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. సాగు చేసే వేరుశనగ టెట్రాప్లాయిడ్ (నాలుగు సెట్ల క్రోమోజోములున్నది), 40 క్రోమోజోములు. సగం అరాకిస్ డ్యురానెన్సిస్ అనే అడవి జాతి నుంచి, సగం అరాకిస్ ఇపయెన్సిస్ నుంచి. ఏ, బీ జీనోములు అంటాం. ఆ రెండు అడవి జాతుల జీనోములు 2016లో, సాగు రకానిది 2019లో వచ్చాయి. అంటే నీ డ్రెబ్ జన్యువుకు ఏ వైపు ఒక కాపీ, బీ వైపు ఒక కాపీ ఉంటాయి. కోడింగ్ భాగంలో అవి రెండూ దాదాపు ఒకటే.

మామూలుగా ప్రైమర్ గీస్తే రెండింటినీ కలిపి కొలుస్తుంది. ఏ కాపీ నాలుగు రెట్లు పెరిగి బీ కాపీ పడిపోతే నీకు "పెద్దగా మార్పు లేదు" అని వస్తుంది. ధరణికి కె6కు తేడా ఆ ఒక్క కాపీలోనే ఉండొచ్చు.

స్వర్ణముఖి_సీడ్
మెల్ట్ కర్వ్‌లో ఒకే శిఖరం వచ్చింది మేడమ్. రెండు కాపీలైతే రెండు రావాలి కదా?

పూతలపట్టు_పద్మ
120 అక్షరాల ముక్కలో రెండు మూడు అక్షరాల తేడాకు శిఖరం విడిపోదమ్మా. ఒకే శిఖరం అంటే ఒకే రకం పొడవు, ఒకే రకం జీసీ శాతం అని మాత్రమే.

చెయ్యాల్సింది ఇది. రెండు కాపీల సీక్వెన్సులు పక్కపక్కన పెట్టు. కోడింగ్ భాగం వదిలేసి చివరి యూటీఆర్‌కు పో, అక్కడ తేడాలు ఎక్కువ. ఫార్వర్డ్ ప్రైమర్ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నా పర్వాలేదు. రివర్స్ ప్రైమర్ 3 ప్రైమ్ చివరి అక్షరం సరిగ్గా తేడా ఉన్న అక్షరం మీద పడాలి. ఏ కోసం ఒకటి, బీ కోసం ఒకటి. చివరి అక్షరం కుదరకపోతే ఎంజైము ముందుకు సాగడం కష్టం. 58 నుంచి 64 డిగ్రీల దాకా గ్రేడియంట్ పెట్టి, తప్పు కాపీ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ స్థిరపడు. రెండు అడవి జాతుల డీఎన్‌ఏ ఎక్కడైనా దొరికితే అంతకన్నా మంచి పరీక్ష లేదు. ఏ ప్రైమర్ డ్యురానెన్సిస్‌లోనే రావాలి, ఇపయెన్సిస్‌లో రాకూడదు. దొరక్కపోతే వచ్చిన ముక్కను సీక్వెన్సింగ్‌కు పంపు. తేడా ఉన్న చోట రెండు శిఖరాలు ఒకదానిమీద ఒకటి కనిపిస్తే ఇంకా కలగలుపే.

తోతాపురి_తోట
చెనిక్కాయవాళ్లు అదృష్టవంతులు. మామిడి ఆకుకు ట్రైజాల్ (ఆర్‌ఎన్‌ఏ తీసే ద్రావణం) వేస్తే గోధుమరంగు జిగురు ముద్ద మిగులుతాది, ఆర్‌ఎన్‌ఏ కాదు. ఎవరైనా దారి చెప్పండి, నా పని కూడా ఇంట్రాన్ లేని జన్యువే.

ల్యాబు_బెంచి
మామిడికి సీటాబ్ (ఒక డిటర్జెంట్) పద్ధతి. సీటాబ్ 2 శాతం, పీవీపీ (పాలీఫినాల్స్‌ను పట్టుకునేది) 2 శాతం, సోడియం క్లోరైడ్ 2 మోలార్, వాడే ముందు బీటా మెర్కాప్టోఇథనాల్ 2 శాతం. బఫర్‌ను 65 డిగ్రీలకు వేడి చేసి ఉంచుకుని, నైట్రోజన్‌లో నూరిన పొడిని కరగకముందే అందులో వెయ్యి. పొడి కరిగి బఫర్‌కు చేరేలోపు ఆకులోని పాలీఫినాల్స్ గాలి తగిలి ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుంటాయి, గోధుమరంగు అదే. క్లోరోఫామ్, ఐసోఅమైల్ 24:1తో రెండుసార్లు. పైపొర 900 మైక్రోలీటర్లు తీసుకుంటే 10 మోలార్ లిథియం క్లోరైడ్ 300 వెయ్యి, 2.5 మోలార్ అవుతుంది. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి తిప్పు. లిథియం ఆర్‌ఎన్‌ఏను దింపుతుంది, డీఎన్‌ఏను, జిగురును చాలావరకు పైనే వదిలేస్తుంది. స్వర్ణముఖి, నీకు కూడా ఇది పనికొస్తుంది, డీఎన్ఏస్ మీద భారం తగ్గుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చూడాలంటే మాత్రం వద్దు, చిన్నవి లిథియంలో దిగవు.

చంద్రగిరి_కోట
ఆకు ఏ టైముకు కోస్తున్నారో ఎవరూ అడగలేదు. కంట్రోల్ కుండీలు పొద్దున 7కు, నీళ్లు ఆపినవి మధ్యాహ్నం 2కు కోస్తే కొలిచేది కరువు కాదు, గడియారం. మొక్కల్లో వేల జన్యువులు పగలు రాత్రి లయతో ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అన్నీ ఒకే గంటలో, మొక్కలో అదే వరుస ఆకు, పై నుంచి మూడోది అనుకో, అన్నింట్లో మూడోదే. కోసిన ఆకు ఎండలో వాడిపోతుంటే డ్రెబ్ దానంతట అదే లేస్తుంది, కాబట్టి నైట్రోజన్ క్యాన్ కుండీ పక్కనే ఉండాలి, కోసిన కొన్ని సెకన్లలో లోపల పడాలి. అల్యూమినియం ఫాయిల్ పొట్లం మీద ముందే పేరు రాసి పెట్టుకోండి.

కాణిపాకం_కుర్రోడు
తిరుపతి మే ఎండలో ధరణి కన్నా ముందు క్యాన్ పట్టుకున్నోడికే డ్రెబ్ లేస్తాది అన్నా 🙂

చంద్రగిరి_కోట
టోపీ పెట్టుకోమను. ఇంకో ముఖ్యమైన సంగతి: నీళ్లు ఆపిన 15వ రోజు ఒక్కటే శాంపిల్ తీస్తే డ్రెబ్ కనిపించకపోవచ్చు. అది ముందు లేచి, కింద ఉన్న జన్యువులను లేపి, తాను దిగిపోయే రకం. మట్టి తేమ కొలుస్తూ మధ్యలో మూడు నాలుగుసార్లు తీయాలి.

పూతలపట్టు_పద్మ
చంద్రగిరి_కోట మాటతో ఏకీభవిస్తా. కానీ తేమ కన్నా ఆకు నీటి శాతం కొలవడం మేలు, రెండు రకాలు నీళ్లు తాగే వేగం ఒకటి కాదు. ఒకే రోజు పోల్చడం కన్నా ఒకే ఆకు నీటి శాతం దగ్గర పోల్చాలి.

శేషాచలం_ఎస్
ఇదంతా చేసి ఎంఆర్‌ఎన్‌ఏ 8 రెట్లు అని రాసినా మొక్కలో డ్రెబ్ పని చేస్తున్నట్టు కాదు. అరబిడాప్సిస్‌లో డ్రెబ్2ఏ ప్రొటీన్ తయారైనా ఒత్తిడి లేనప్పుడు డ్రిప్1, డ్రిప్2 అనే ఎంజైములు దానికి యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి విరగ్గొట్టిస్తాయి. ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచి ప్రొటీన్ గురించి మాట్లాడకూడదు.

జెల్‌డాక్
అట్లా అయితే ఎమ్మెస్సీ ప్రాజెక్టులు అన్నీ ఆపెయ్యాలి. ఎంఆర్‌ఎన్‌ఏ గురించి మాత్రమే రాస్తే తప్పేముంది?

శేషాచలం_ఎస్
తప్పు లేదు, కానీ దగ్గరి దారి ఉంది. డ్రెబ్ ప్రొటీన్ ఏసీసీజీఏసీ లేదా జీసీసీజీఏసీ అనే ఆరు అక్షరాల మీద కూర్చుంటుంది. ఆ అక్షరాలు ప్రమోటర్‌లో (జన్యువు ఎప్పుడు లేవాలో నిర్ణయించే ముందు భాగం) ఉన్న ఆర్‌డీ29ఏ లాంటి జన్యువు, ఎండినప్పుడు కణాన్ని కాపాడే ఎల్ఈఏ జన్యువులు కూడా లేచాయో లేదో అదే సీడీఎన్‌ఏలో చూడు. డ్రెబ్ లేచి అవి లేవకపోతే ప్రొటీన్ నిలవలేదన్న అనుమానం రావాలి. ఖర్చు రెండు జతల ప్రైమర్లు.

ఎక్కడ, ఎప్పుడు అనేదే జన్యువుకు ప్రాణం. 35ఎస్ అనే ఎప్పుడూ ఆన్‌లో ఉండే ప్రమోటర్‌తో డ్రెబ్1ఏను ఎప్పుడూ నడిపిస్తే మొక్క గిడసబారిపోతుంది. ఆర్‌డీ29ఏ ప్రమోటర్ పెడితే ఒత్తిడి వచ్చినప్పుడే లేస్తుంది, ఎదుగుదల బాగుంటుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జేఎల్ 24 వేరుశనగలో పెట్టింది ఆ ఆర్‌డీ29ఏ జతనే.

జెల్‌డాక్
సరే, లక్ష్య జన్యువులు (డ్రెబ్ లేపేవి) కలపడం మంచి సలహా. ఒప్పుకుంటున్నా.

స్వర్ణముఖి_సీడ్
ల్యాబు_బెంచి చెప్పినట్టు ట్యూబులో డీఎన్ఏస్ చేశా. ఇప్పుడు ప్లస్ ఆర్‌టీ 24.3, మైనస్ ఆర్‌టీ 35.6. రిఫరెన్స్‌కు (పోల్చడానికి వాడే, మారకుండా ఉండే జన్యువు) యాక్టిన్ ఒక్కటి చాలా? సీడీఎన్‌ఏ ఓలిగో డీటీతో చేశా, 18ఎస్ కూడా కలపాలని ఒకరు అన్నారు.

జెల్‌డాక్
11 సైకిళ్ల తేడా, రెండు వేల రెట్ల పైమాటే. ఇక ధైర్యంగా కొలువు.

అలిపిరి_బయో
18ఎస్ వద్దు. దానికి పాలీ ఏ తోక లేదు, ఓలిగో డీటీ పట్టుకునేది ఆ తోకనే. వచ్చే సిగ్నల్ పొరపాటున అతుక్కున్నదే. క్లోరోప్లాస్ట్ జన్యువులకు కూడా ఇదే వర్తిస్తుంది. కిరణజన్య సంయోగక్రియ ఎంజైము రూబిస్కోలో పెద్ద ముక్క జన్యువు క్లోరోప్లాస్ట్‌లో ఉంది, చిన్న ముక్కది కేంద్రకంలో. ఓలిగో డీటీతో చిన్నది సరిగ్గా వస్తుంది, పెద్దది రాదు. క్లోరోప్లాస్ట్‌లో పాలీ ఏ తగిలించేది ఆ ఆర్‌ఎన్‌ఏను విరగ్గొట్టడానికి.

యాక్టిన్ ఒక్కటీ చాలదు, నీళ్లు ఆపినప్పుడు అదే కదులుతుంది. నాలుగైదు అభ్యర్థులు పెట్టి, అన్ని శాంపిళ్లలో నిలకడగా ఉన్న రెండింటిని ఎంచుకో. ఒక్కోదానికి స్టాండర్డ్ కర్వ్ (సీడీఎన్‌ఏను పలచన చేస్తూ సీటీ గీసిన గీత) గీయి, వాలు మైనస్ 3.32 దగ్గర ఉంటే సామర్థ్యం 100 శాతం. మైనస్ 3.1 నుంచి 3.6 మధ్య పర్వాలేదు. రెండు ప్రైమర్ల సామర్థ్యం దూరంగా ఉంటే 2001లో లివాక్, ష్మిట్‌గెన్ ఇచ్చిన డెల్టా డెల్టా లెక్క వాడొద్దు, సామర్థ్యం కలిపే ఫాఫుల్ లెక్క వాడు.

ల్యాబు_బెంచి
సీడీఎన్‌ఏను 10 రెట్లు పలచన చేసి వాడు. పలచన చేస్తే సీటీ 3.3 వెనక్కి పోవాలి. 2 మాత్రమే పోతే అసలు సీడీఎన్‌ఏలో ఏదో అడ్డుపడుతోందని అర్థం.

చెనిక్కాయ_చేను
ఒక మొక్క సీడీఎన్‌ఏను మూడు బావుల్లో పెడితే మూడు రెప్లికేట్లు అయినట్టేనా?

పూతలపట్టు_పద్మ
కాదు. అది నీ పిపెట్ ఎంత నిలకడో చెబుతుంది. కనీసం మూడు వేరే కుండీల మొక్కలు కావాలి, ఆరుంటే మేలు. ఒక్కో మొక్క మూడు బావుల సగటు ఒక అంకె. స్టాటిస్టిక్స్ రెట్ల మీద కాదు, డెల్టా సీటీ (జన్యువు సీటీ నుంచి రిఫరెన్స్ సీటీ తీసేస్తే మిగిలేది) మీద చెయ్యి. ఆ తర్వాత రెట్లుగా మార్చి గ్రాఫు గీయి. ఏ కాపీ, బీ కాపీ రెండూ వేరే బార్లుగా.

స్వర్ణముఖి_సీడ్
ఏ, బీ ప్రైమర్లు ఈ రోజే ఆర్డర్ పెట్టా. రెండు లక్ష్య జన్యువులు, నాలుగు రిఫరెన్స్ అభ్యర్థులు కూడా. మైనస్ ఆర్‌టీ ప్రతి జన్యువుకూ ప్రతి శాంపిల్‌కూ పెట్టాలా? ప్లేటులో 96 బావులే.

జెల్‌డాక్
ప్రతి శాంపిల్‌కు పెట్టు, ప్రతి జన్యువుకు అక్కర్లేదు. ఇంట్రాన్ లేని డ్రెబ్ ప్రైమర్లతో ఒక్కో బావి చాలు, డీఎన్‌ఏ ఉంటే అదే పట్టిస్తుంది. యాక్టిన్‌తో పెట్టొద్దు, అది ఎప్పుడూ శుభ్రంగానే కనిపిస్తుంది.